మూడో రాయి

మాదన్నపేట మార్కెట్‌లో ఆకుకూరలమ్మే శౌరమ్మ నెలనెలా ఒకే పాపం ఒప్పుకునేది. ముందురోజు మిగిలిపోయిన కట్టల మీద నీళ్ళు చల్లి, పైన కొన్ని తాజావి పరిచి, అంతా ఇవాళ్టి కూరేనని అమ్మేది. నెలాఖరు శనివారం సాయంత్రం మలక్‌పేట వైపున్న చిన్న కతోలిక గుడికి పోయి, పాపసంకీర్తనాల పెట్టె పక్కన మోకాళ్ళూని, జాలీకి అవతల కూర్చున్న ఫాదర్ జోజప్పకు ఆ సంగతి చెప్పేది. ఆయన నస్యం డబ్బీ మూత టక్కుమనిపించి, ఒక తుమ్ము తుమ్మి, ప్రాయశ్చిత్తంగా మంగళవార్త జపాలు చెప్పుకొమ్మనేవాడు. మళ్ళీ చెయ్యనని మాటిమ్మనేవాడు. ఆమె మాటిచ్చేది. సోమవారం పొద్దున వాడిన పాలకూర కంటపడగానే చెయ్యి దానంతటదే నీళ్ళ డబ్బాలోకి పోయేది. దేవుడికీ శౌరమ్మకూ మధ్య ఈ ఏర్పాటు ఏళ్ళ తరబడి సాఫీగా నడిచింది. ఎవరికీ ఇబ్బంది లేదు, కూర కొన్నవాళ్ళకు తప్ప.

అటువంటి మనిషి చిన్నవి ఒప్పుకొని పెద్దదాని దగ్గర మొండికేసిందని గుడిలో తరువాత చెప్పుకున్నారు. అది నిజం కాదు. పెద్దదాన్నీ ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఒక్కటే: ఆ పని తనచేత ఇంకెవరో చేయించారన్న మాట.

శౌరమ్మ తండ్రి నల్లగొండ దిక్కు ఒక ఊళ్ళో ఉపదేశి. ఫాదర్ ఎప్పుడో ఒకసారి సైకిలు మీద వచ్చి పూజ చేసి పోతే, మిగిలిన రోజుల్లో జపాలు చెప్పించడం, పిల్లలకు జ్ఞానోపదేశం, ఇంటి తగువులు, అన్నీ ఆయనవే. పుస్తకం భాష పిల్లల తలకెక్కదని ఆయనకు తెలుసు. చావైన పాపం అంటే ఏమిటో చెప్పడానికి వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేసేవాడు. ఒకటో రాయి, పని పెద్దదై ఉండాలి. రెండోది, అది తప్పని నీకు తెలిసి ఉండాలి. మూడోది, నీ అంతట నువ్వు ఒప్పుకొని చేసి ఉండాలి. మూడూ ఉంటేనే కుండ నిలబడుతుంది, లోపల ఆత్మ మాడుతుంది. ఏ ఒక్క రాయి లాగేసినా కుండ పక్కకు ఒరుగుతుంది. అప్పుడది స్వల్ప పాపం, లేదా అసలు పాపమే కాదు. పిల్లలు ఆ రాళ్ళతో ఆడుకునేవాళ్ళు. పక్కింటి కోడిని ఎత్తుకుపోయినవాడికి ఏ రాయి తీసేస్తే నరకం తప్పుతుందని వాదులాడుకునేవాళ్ళు. శౌరమ్మ ఆ ఆటలో దిట్ట. రాయి తియ్యడంలో కాదు, తియ్యనివ్వకపోవడంలో.

ఇన్నయ్యను చేసుకొని పట్నం వచ్చింది. అతను బస్సుల వర్క్‌షాప్‌లో ఫిట్టర్. మంచివాడే. ఎక్కడ గొడవ మొదలైనా తాను అక్కడ లేకుండా చూసుకునే రకం మంచివాడు. మార్కెట్ వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. పెద్దది లూర్దు. తరువాత వరసగా ఇద్దరు. డెబ్బయ్యారు ఎండాకాలంలో నాలుగోవాడు పుట్టాడు. పుట్టినవాడు పుట్టినట్టే ఆరోగ్యంగా ఉన్నాడు, తల్లి కూడా ఉంది. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాత చాలామంది ఇక్కడ ఒక జబ్బు వెతికారు. జబ్బు ఏమీ లేదు.

జరిగింది ఒక వాన. ఆ ఏడు శ్రావణంలో ఒక మధ్యాహ్నం మార్కెట్ మీద వాన అడ్డంగా కొట్టింది. అమ్ముకునే ఆడవాళ్ళంతా లేచి గోనెపట్టాలు లాక్కున్నారు. శౌరమ్మ లేవలేకపోయింది. ఒళ్ళో చంటివాడు రొమ్ము వదలడం లేదు, వాడి పైది కొంగు పట్టుకుని ఏడుస్తోంది. ఆమె చూస్తూ ఉండగానే పుంటికూర, కొత్తిమీర, మెంతికూర మురికినీళ్ళలో తేలి కదిలిపోయాయి. పక్కన నిమ్మకాయలు, పచ్చిమిర్చి అమ్మే కృష్ణమ్మ పరుగెత్తి దొరికిన కట్టలు ఏరి తెచ్చింది. శౌరమ్మ ఏడవలేదు. వాన వెలిసేదాకా అక్కడే తడిసి కూర్చుంది. లేచేటప్పటికి ఆమె లోపల ఒక మాట తయారై ఉంది. చాలు. అంతే.

అవి ఎమర్జెన్సీ రోజులు. గోడలన్నీ ఎర్ర త్రికోణాలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం ఆఫీసుల్లో పైవాళ్ళు కిందివాళ్ళను, కిందివాళ్ళు ఇంకా కిందివాళ్ళను నొక్కుతున్నారు. మొగవాళ్ళు ఆస్పత్రి వీధిలోంచి నడవడం మానేశారు. అటువంటి కాలంలో ఒక ఆడమనిషి తనంతట తాను ప్రభుత్వాస్పత్రికి నడుచుకుంటూ వచ్చి, ఆపరేషన్ చెయ్యమని అడిగింది. అక్కడి నర్సులు ఆమెను పిలవకుండా పెళ్ళికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశారు. భర్త సంతకం కావాలన్నారు. ఇన్నయ్య సంతకం పెట్టాడు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. అడగనందుకు ఆమె అతణ్ణి ఆ రాత్రి కొంచెం ఎక్కువగా గౌరవించింది కూడా.

ఎందుకు అడగలేదో తరువాత తెలిసింది. వర్క్‌షాప్‌లో ఫోర్‌మన్ అతని వెంటపడి ఉన్నాడు. నువ్వన్నా చేయించుకో, నీ భార్యకన్నా చేయించు, లేకపోతే నీకు రావలసిన గ్రేడ్ మరిచిపో అన్నాడు. ఇన్నయ్య ఆ భయాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకొని రోజూ ఇంటికీ వర్క్‌షాప్‌కూ మోసుకు తిరుగుతున్నాడు, భార్యకు చెప్పే ధైర్యం లేక. ఇంతలో ఆమే వచ్చి సంతకం అడిగింది. ఇటువంటి అదృష్టాన్ని ప్రశ్నించే మనిషి కాదతను.

మరుసటి మార్చిలో ఎన్నికలయ్యాయి, ఎమర్జెన్సీ పోయింది. అంతవరకు గుసగుసగా తిరిగిన ఒక మాట ఒక్కసారిగా పాతబస్తీ అంతటా గొంతెత్తింది. జబర్దస్తీ. ఛాయ్ హోటల్లో అదే, మంగలి దుకాణంలో అదే. జబర్దస్తీ చేసిన్రు, పట్టుకపోయిన్రు, కోసిన్రు. ఆ మాటలో బోలెడు నిజం ఉంది. నిజంగా ఏడ్చినవాళ్ళు ఆ గల్లీల్లోనే ఉన్నారు. అయితే నిజమైన మాట కూడా ఒకసారి చలామణిలోకి వచ్చాక దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. ఇన్నయ్య వాడుకున్నాడు. గుడి దగ్గర మొగవాళ్ళతో, నా నౌకరీ కోసం పాపం అది కోతకు పడ్డదన్నా, అని తల వంచుకొని చెప్పాడు. వారంలోపల శౌరమ్మ ఒక త్యాగమూర్తి అయిపోయింది. ఆడవాళ్ళు ఆమెను చూసి నాలుక చప్పరించి జాలిపడేవాళ్ళు. ఎందుకో మొదట్లో ఆమెకు అర్థం కాలేదు. అర్థమైనప్పుడు, ఎవరో తన బుట్టలోంచి కట్ట లాక్కున్నంత కోపం వచ్చింది. పాపాత్మురాలివి అన్నా భరించేదేమో. బలిమేక అంటే భరించలేకపోయింది.

పిల్లలు పుట్టకుండా చేసుకోవడం చావైన పాపమని గుడి బోధ. ఆ ఆపరేషన్ తరువాత నెలలు గడిచినా ఆమె పాపసంకీర్తనానికి పోలేదు. కుట్లు మానలేదని, చంటివాడికి జ్వరమని, ఏదో ఒకటి చెప్పుకొచ్చింది. కానీ ఈస్టరు తరువాతి ఆదివారం లూర్దుకు మొదటి సత్ప్రసాదం, క్రీస్తు శరీరమని ఫాదర్ నాలుక మీద పెట్టే అప్పం. ఆ గుడిలో ఒక ఆచారం ఉంది. ఆ రోజు పిల్ల ఒంటరిగా పీఠం దగ్గరికి రాదు. పీఠం ముందున్న చెక్క కంచె దగ్గర తండ్రి ఒక పక్క, తల్లి ఒక పక్క మోకాళ్ళూనుతారు, పిల్ల నడుమ. ముగ్గురూ వరసగా సత్ప్రసాదం తీసుకుంటారు. తల్లి లేవకుండా బెంచీలోనే ఉండిపోయిందంటే ఆమె ఏదో చావైన పాపంలో ఉందని గుడి గుడంతా తెలుసుకున్నట్టే. అందుకని ముందురోజు శనివారం తల్లిదండ్రులు తప్పకుండా పాపసంకీర్తనం చేస్తారు. లూర్దు తెల్ల గౌను అప్పటికే గోడకు వేలాడుతోంది. అమ్మా, నువ్వు నా కుడిపక్కనే గద, అని వారం నుంచి అడుగుతోంది. కుడిపక్కనే బిడ్డా, అని శౌరమ్మ ప్రతిసారీ చెప్తోంది.

శనివారం పెట్టె దగ్గర మోకాళ్ళూని ముందు కూరల సంగతి చెప్పింది. పిల్లగాణ్ణి కొట్టిన సంగతి చెప్పింది. నస్యం డబ్బీ టక్కుమంది. తరువాత చెప్పింది, "నిరుడు ఆపరేషన్ చేయించుకున్న ఫాదర్. ఇంక పిల్లలు పుట్టకుండ."

జోజప్ప గుంటూరు వైపు మనిషి, ముసలివాడు, మెత్తనివాడు. ఆయనకు సంగతి ముందే తెలుసు, ఇన్నయ్య చెప్పే ఉన్నాడు. ఆయన గట్టిగా మందలించలేదు. పైగా ఆమె తరఫున తానే వాదించాడు. దేశమంతా జరిగిందే నీకూ జరిగిందన్నాడు. మీ ఆయన ఉద్యోగం మీద కత్తి వేలాడుతుంటే నువ్వేం చేస్తావన్నాడు.

"బలవంతం ఉన్నచోట సమ్మతి ఉండదమ్మా. సమ్మతి లేనిచోట చావైన పాపం లేదు. జరిగిందానికి దుఃఖపడు, చాలు. నేను పాపవిమోచనం ఇస్తాను, రేపు నీ కూతురి పక్కన హాయిగా కూర్చో."

ఆయన చేతిలో మూడో రాయి ఉంది. పొయ్యి కిందినుంచి అప్పటికే సగం లాగాడు. శౌరమ్మ నోరు మూసుకొని ఉంటే మిగతా సగం ఆయనే లాగేవాడు. అబద్ధం ఆడవలసిన పని కూడా లేదు, ఊరికే ఉంటే చాలు.

"జబర్దస్తీ ఎవరు చెయ్యలే ఫాదర్," అంది.

"మీ ఆయన చెప్పాడే."

"ఆయనకు చేసిన్రు. నాకు చెయ్యలే. ఆయన సంగతి నాకు తర్వాత ఎరుకైంది."

ఫాదర్ ఇంకో దారి చూశాడు. ఈసారి కాన్పు కష్టమైందా, డాక్టరు ప్రాణానికి ముప్పని చెప్పిందా అని అడిగాడు. లేదంది. తప్పని తెలియక చేశావా అన్నాడు. అప్పుడు ఆమెకు ఆయన మీద జాలి కూడా కలిగింది. నిరుడు ఈస్టరుకు ముందు తపస్సుకాలంలో ఆయనే ప్రసంగంలో ఈ విషయం చెప్పాడు, ఆమె ముందు బెంచీలో కూర్చొని విన్నది. ఆ మాటే ఆయనకు గుర్తు చేసింది.

"మరి ఎందుకు చేశావమ్మా?"

"చాలనిపించింది."

పేదరికం అని ఉంటే ఆయన దగ్గర జవాబుంది. ఆకలి, భయం, మొగుడి తాగుడు, దేనికైనా ఉంది. చాలు అన్నదానికి ఫాదర్లు చదివే గురువుల బడిలో ఎవరూ ఏమీ నేర్పలేదు. ఆయన గొంతు మొదటిసారి గట్టిపడింది. బిడ్డలు దేవుడిచ్చే వరం, చాలు అనడానికి నువ్వెవరివి అన్నాడు.

"మోసేదాన్ని ఫాదర్."

వెనక వరసలో నిలబడ్డవాళ్ళు కాళ్ళు మార్చుకుంటున్నారు. చివరికి ఆయన, చేసింది చేశావు, ఇప్పుడైనా దానికి బాధపడు అన్నాడు. శౌరమ్మ కళ్ళు మూసుకుని నిజంగానే లోపల వెతికింది. తండ్రి నేర్పిన అలవాటది, అడిగినప్పుడు వెతకకుండా జవాబు చెప్పకూడదు.

"కూర మీద నీళ్ళు చల్లినందుకు బాధ ఉన్నది. పిల్లగాణ్ణి కొట్టినందుకు ఉన్నది. దీనికి లేదు ఫాదర్. లేనిది ఉన్నదని చెప్తే ఈ పెట్టె కాడ అబద్ధమాడినట్టయితది. అది ఇంకో పాపం."

"మళ్ళీ చెయ్యనని మాటైనా ఇస్తావా?"

"గది మాత్రం పక్కా ఇస్త. రెండోసారి చేసేది కాదు గద."

అవతల ఒక శబ్దమైంది. తుమ్మో, నవ్వో ఆమెకు తెలియలేదు. అయితే తరువాత ఆయన అన్నమాట నవ్వులాట కాదు. నిజం చెప్పడం ఒకటి శౌరమ్మా, నిజాన్ని నెత్తిన పెట్టుకొని ఊరేగడం ఇంకొకటి, నీలో గర్వం ఉంది అన్నాడు. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఆమె మళ్ళీ వెతికింది. దొరికింది.

"ఉన్నది ఫాదర్. దానికి బాధ గూడ ఉన్నది. అది గూడ కలుపుకోండి."

ఆయన విమోచనం ఇవ్వలేదు. ఇవ్వలేడు. పశ్చాత్తాపం లేని పాపం ఒకటి మిగిలి ఉండగా తక్కినవాటిని విడిగా క్షమించే వీలు ఆయన చేతిలో లేదు. ఆమెకూ తెలుసు. లేవబోతుంటే మాత్రం గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు. రేపు నువ్వు కూతురితో కంచె దగ్గరికి వస్తే నేను సత్ప్రసాదం ఇవ్వక తప్పదు. ఇక్కడ విన్నది అక్కడ నాకు గుర్తుండకూడదు. ఇది ఎవరికీ తెలియదు, నీకూ నాకూ తప్ప.

అది హెచ్చరికో, తీసి ఉంచిన తలుపో ఆమె ఇల్లు చేరేదాకా తేల్చుకోలేకపోయింది. తలుపే అయితే దాంట్లోంచి పోవడం చాలా తేలిక. నోరు తెరిస్తే చాలు.

ఇంట్లో ఇన్నయ్య ఆత్రంగా ఎదురు చూస్తున్నాడు. ఫాదర్ ఏమన్నాడని అడిగాడు. ఆమె జరిగినదంతా చెప్పింది. అతను తల పట్టుకొని కూలబడ్డాడు. పిల్ల మొహం చూడమన్నాడు, గుడిలో తన పరువు చూడమన్నాడు. చెయ్యనిది చేశానని చెప్పమనడం లేదు గదా, ఊరుకోమంటున్నానంతే అన్నాడు. ఆఖరికి, "నోరు మూసుకుంటే అయిపోయేదానికి ఎందుకే లొల్లి? జబర్దస్తీ అంటే నీదేం పోతది?" అన్నాడు.

శౌరమ్మ కూరల బుట్ట గోడవారగా పెట్టి, గోనెపట్టా దులిపి దాని మీద కప్పింది. అప్పుడు చెప్పింది.

"లగ్గం మా నాయన చేసిండు. పట్నం నువ్వు తోల్కొచ్చినవ్. పిల్లల్ని దేవుడిచ్చిండంటరు. గిదొక్కటి నేను చేసిన. దీన్ని గూడ ఎవరికో ఇచ్చేస్తే నేను చేసిందేమున్నది?"

ఇన్నయ్యకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది, అతనికి ఏమీ అర్థం కాలేదు. రేపు ఏం చేస్తావని మాత్రం అడిగాడు. బిడ్డకు మాటిచ్చిన, కుడిపక్క ఉంటనని, అంది శౌరమ్మ.

ఆదివారం పొద్దున గుడి వసారాలో మల్లెపూల కిరీటాలు, కొవ్వొత్తులు, గంజి పెట్టిన గౌన్ల కరకరలు. మరియ సేన అనే గుడి ఆడవాళ్ళ సంఘానికి సభానేత్రి సుందరమ్మ శౌరమ్మను చూడగానే వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆమె భర్త ప్రభుత్వ ప్రెస్సులో హెడ్ గుమాస్తా. గుడిలో ఎవరి దుఃఖం ఎంతో నిర్ణయించే హక్కు ఆమెదేనని అందరూ ఒప్పుకున్న విషయం. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరారు.

"ఏం ఫికర్ పెట్టుకోకు శౌరీ," అంది సుందరమ్మ అందరికీ వినపడేట్టు. "మాకందరికీ ఎరుకే. మొగని నౌకరీ కోసం కత్తి కింద పండినవ్. జబర్దస్తీ చేసినకాడ పాపం లేదు. ధైర్నంగ ముందుకు రా."

ఆడవాళ్ళు తలలూపారు. ఒకామె కళ్ళొత్తుకుంది. అంతమంది మంచితనం ఒక్కసారిగా మీద పడితే తప్పించుకోవడం కష్టం. ఫాదర్ చీకటి పెట్టెలో ఇవ్వలేని మాఫీని ఈ ఆడవాళ్ళు వెలుతురులో, ఉచితంగా ఇస్తున్నారు. అడిగేది ఒక్కటే, తల కొంచెం వంచమని. కొంచెం దూరంలో ఇన్నయ్య కళ్ళతోనే బతిమాలుతున్నాడు. శౌరమ్మ తన చేతులు మెల్లగా విడిపించుకుంది.

"నన్నెవరు జబర్దస్తీ చెయ్యలే సుందరక్కా. నా కాళ్ళతోని నేను నడిచిపోయిన. రిక్షా గూడ ఎక్కలే."

కళ్ళొత్తుకుంటున్న ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. సుందరమ్మ ఒకసారి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, పిచ్చిదానా, ఏం మాట్లాడుతున్నవో ఎరుకేనా అంది. ఎరుకే అక్కా, అంది శౌరమ్మ. ఎరుకుండే చేసిన, ఇయ్యాల ఎరుకుండే చెప్తున్న. ఆయన నౌకరీ సంగతి అప్పుడు నాకు తెల్వనే తెల్వది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొవ్వొత్తులు సర్దుకోవడానికి వెళ్ళిపోయారు. గంట మోగింది.

పూజలో ఆమె ముందు వరసలోనే కూర్చుంది. వెనక బెంచీల్లో చాలా ఖాళీ ఉంది, మధ్యలో స్తంభం చాటు కూడా ఉంది. ముఖం చాటేసుకోదలిచినవాళ్ళకు ఆ గుడిలో వసతులు తక్కువేమీ కాదు. సత్ప్రసాదం వేళకు పిల్లల పేర్లు పిలిచారు. లూర్దు పేరు వినగానే వెనక బెంచీలన్నిటా మెడలు నిక్కాయి. శౌరమ్మ లేచింది. వసారాలో ఆమె మాట విన్నవాళ్ళు, ఎంత తెగించింది అని ఊపిరి బిగబట్టారు. ఇన్నయ్య ఎడమపక్క, శౌరమ్మ కుడిపక్క, లూర్దు నడుమ. ముగ్గురూ చెక్క కంచె దగ్గర మోకాళ్ళూనారు.

ఫాదర్ ఎడమనుంచి వచ్చాడు. క్రీస్తు శరీరం, అన్నాడు. ఇన్నయ్య ఆమెన్ అని నాలుక చాపాడు. జబర్దస్తీ కథ ఊరంతా తిప్పినవాడికి ఏ అభ్యంతరమూ కలగలేదు, ఎందుకంటే అతను దాన్ని నమ్మేశాడు. రెండో రాయి అతనికి ఎప్పుడో దొర్లిపోయింది. లూర్దు కళ్ళు గట్టిగా మూసుకొని తీసుకుంది. దాని చేతిలో కొవ్వొత్తి మైనం గౌను మీద పడింది. తరువాత ఫాదర్ శౌరమ్మ ముందుకు వచ్చి అదే మాట అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకోలేదు. నోరు తెరవలేదు. ఆయన మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపింది. దొంగతనంగా తీసుకోదు. దాక్కోనూ దాక్కోదు. గుడిలో అట్లాంటిది ఎవరూ చూడలేదు. తీసుకోనివాళ్ళు బెంచీలో ఉంటారు, కంచె దగ్గరికి వచ్చినవాళ్ళు తీసుకుంటారు. ఇది రెండూ కాదు. ఫాదర్ చెయ్యి మామూలుకంటే కొంచెం ఎక్కువసేపు గాలిలో ఆగింది. తరువాత ఆయన పక్క పిల్ల తండ్రి దగ్గరికి పోయాడు. లూర్దు లేచేదాకా శౌరమ్మ లేవలేదు. ఇద్దరూ కలిసి బెంచీకి తిరిగి నడిచారు.

బయటికి వచ్చాక సుందరమ్మ నిలదీసింది. తీసుకోనిదానివి ముందుకు ఎందుకొచ్చినవ్, అంది.

"నా బిడ్డ పక్కన నా జాగ అది. దానికి ఫాదర్ మాఫీ అక్కర్లేదు."

సుందరమ్మ ఆ తరువాత చాలాకాలం ఆమె దగ్గర కూర కొనలేదు. లూర్దు, నువ్వెందుకు నోరు తెరవలేదమ్మా అని దారిలోనే అడిగింది. ఫాదర్‌కు నాకు ఒక పంచాయితీ ఉంది, అది తెగలేదని శౌరమ్మ చెప్పింది. ఎప్పుడు తెగుతుందని అడిగితే తెలియదంది. పిల్ల ఆ రోజంతా ముభావంగా ఉంది. గౌను మీది మైనం మరకను గోరుతో గీకుతూ కూర్చుంది. ఆ పూటకు శౌరమ్మకు నిజంగా బాధ కలిగింది. మరునాడు మార్కెట్‌లో కృష్ణమ్మకు జరిగిందంతా చెప్పుకుంది.

"మీ దేవునితోని గిదేం లొల్లి వదినె," అంది కృష్ణమ్మ. "మా దేవునికైతే ఒక కొబ్బరికాయ కొడితే అయిపాయె."

"మా దాంట్ల కొబ్బరికాయ నడవదు. మనిషే పగలాలె," అంది శౌరమ్మ. అని, తన మాటకు తానే నవ్వింది.

ఆ తరువాత కూడా ఆమె నెలాఖరు శనివారాలు మానలేదు. విమోచనం దొరకదని తెలిసీ వరసలో నిలబడేది. మోకాళ్ళూని చిన్నవన్నీ చెప్పేది. మరి అదో, అని ఫాదర్ అడిగేవాడు. అది అట్లనే ఉన్నది ఫాదర్, అనేది. ఆయన ఆశీర్వాదం ఇచ్చి పంపేసేవాడు. ఒకసారి కోప్పడ్డాడు. ఒకసారి, పశ్చాత్తాపం కలగాలని ప్రార్థన చెయ్యి, అదీ దేవుడిచ్చేదే అన్నాడు. శౌరమ్మ నెలంతా నిజాయితీగా ప్రార్థించింది. మళ్ళీ నెలాఖరు శనివారం వచ్చి, అడిగిన ఫాదర్, రాలే, అని చెప్పింది. ఒకసారి విసుగెత్తి, వాళ్ళ నాయన పెట్టిన పొయ్యి సంగతంతా ఆయనకు చెప్పింది. మీరు ప్రతిసారీ నా మూడో రాయే లాగుతున్నరు అంది. ఉపదేశి మంచివాడమ్మా, పిల్లకు మరీ గట్టిగా నేర్పాడు అన్నాడు.

ఈ మధ్యలో ఎవరూ ఊహించనిది ఒకటి జరిగింది. కూర మీద నీళ్ళు చల్లడం ఆగిపోయింది. ఆమె ఏ ప్రతిజ్ఞా చెయ్యలేదు, ఏ దర్శనమూ కలగలేదు. నెలకోసారి తుడిచిపెట్టేవాడు ఉన్నంతకాలం చల్లింది. తుడిచే దారి మూసుకుపోయాక, ఒకసారి అంటితే అంటినట్టే మిగిలిపోతుందని చెయ్యికే తెలిసింది. నిన్నటిది నిన్నటిదని చెప్పి చౌకగా అమ్మడం మొదలుపెట్టింది. పదేళ్ళు క్షమించి గుడి చెయ్యలేని పని క్షమించకపోవడం వల్ల అయింది. దీన్ని ప్రసంగంలో చెప్పుకోవడానికి ఏ ఫాదర్‌కూ వీలుపడదు.

మిగతా పిల్లల మొదటి సత్ప్రసాదాలకు కూడా ఆమె కుడిపక్క మోకాళ్ళూనింది, తల అడ్డంగా ఊపింది. ఆఖరివాడి వంతు వచ్చేటప్పటికి మెడలు నిక్కడం తగ్గింది. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే పాతవాళ్ళు, అది శౌరమ్మ జాగ, అని ఊరుకునేవాళ్ళు.

ఎనభైనాలుగు చివర్లో జోజప్పకు గుంటూరు వైపు బదిలీ అయింది. వెళ్ళేముందు ఒక పొద్దున ఆయన మాదన్నపేట మార్కెట్‌కు వచ్చాడు. ఫాదర్‌ను పొడుగు తెల్ల అంగీలో మార్కెట్‌లో చూసి కృష్ణమ్మ నిమ్మకాయల బుట్ట పక్కకు జరిపి దారిచ్చింది. ఆయన వంగి పాలకూర కట్ట ఒకటి ఎత్తాడు. ఇవాళ్టిదేనా అని అడిగాడు.

"నిన్నటిది ఫాదర్. కుడి దిక్కువి ఇయ్యాల్టివి, అవి తీస్కోండి."

ఆయన నిన్నటిదే సంచిలో వేసుకున్నాడు. నస్యం పీల్చి తుమ్మాడు. తన తరువాత వచ్చేది కుర్రవాడు, పెద్ద పెద్ద చదువులు చదివి వస్తున్నాడు, ఈ కాలపు దైవశాస్త్రం తెలిసినవాడు అని చెప్పాడు. అంతఃకరణమని, పరిస్థితులని, వాళ్ళ దగ్గర తనకు తెలియని దారులు చాలా ఉన్నాయన్నాడు. ఏడేళ్ళుగా ఖాళీ నాలుకతో తిరిగిపోతున్నావు, ఇంక చాలమ్మా అన్నాడు. చాలు అన్న మాట తన నోటినుంచే వచ్చినందుకు ఒక క్షణం తడబడి, మళ్ళీ అందుకున్నాడు.

"అతను ఏదో ఒక రాయి తీస్తానంటాడు. తియ్యనివ్వు తల్లీ."

శౌరమ్మ డబ్బాలోని నీళ్ళలో చేతులు కడుక్కొని కొంగుకు తుడుచుకుంది. లేచి నిలబడి ఆయనకు దండం పెట్టింది.

"మొదటిది తీసుకుంటే తీసుకోనీ ఫాదర్. పని పెద్దదో చిన్నదో మీరు మీరు తేల్చుకోండి. మూడోది నాది. దాన్ని ముట్టొద్దని ఆయనకు చెప్పిపోండి."